సుభద్రకు ఒడిబియ్యం పోసిందెవరు

ఉప్పల్ స్వరూప్‌నగర్‌లో నవలా రచయిత రామ్మోహనరావు గారి ఇంట్లో ఆదివారం పదకొండు గంటలకు ఉత్తరాల చదువు ఉంటుంది. చదివేది దుర్గాభవాని, వినేది ఆయన. వారంలో పాఠకులు రాసిన ఉత్తరాలు, ఈమధ్య అయితే ఫోన్‌లో వచ్చిన మెసేజ్‌లు, మెచ్చుకున్నవీ తిట్టినవీ ఏదీ వదలకుండా వినిపించాలి. "పొగడ్తలు వడ్డించి తిట్లు వంటింట్లో దాచావనుకో, నాకు తెలిసిపోతుందమ్మాయ్. ఆ భోజనం నాకొద్దు," అని మొదటి వారమే చెప్పారాయన. పద్నాలుగేళ్లు భవాని ఒక్క తిట్టు కూడా దాచలేదు. ఈ ఏడే దాచడం మొదలుపెట్టింది.

భవాని ఉండేది నాచారం బాబానగర్‌లో. నాయన బుచ్చిరాములు జనగామ వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చి, ఇక్కడి పైపుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు మూడు షిఫ్టులూ చేశాడు. బిడ్డ ఎండలో పని చేయకూడదని ఇంటర్ అయ్యాక ఉప్పల్ చౌరస్తాలో డీటీపీ నేర్పించాడు. పెళ్లి పత్రికలు, కిరాయి అగ్రిమెంట్లు, పోయినవాళ్ల ఫొటో కింద వేసే నాలుగు ముక్కలు టైపు చేసుకుంటూ ఉండగా ఒకరోజు రామ్మోహనరావు గారు షాపులోకి వచ్చారు. కరెంటాఫీసులో గుమాస్తాగా రిటైరైన మనిషి. గోదావరి లంకల్లో పుట్టి నలభై ఏళ్లుగా ఉప్పల్‌లో ఉంటున్నా, రాసేదంతా ఆ లంకల గురించే. చేతిరాత తనకే అర్థం కాదు కాబట్టి నోటితో చెబుతాననీ, ఇంటికి వచ్చి టైపు చేసే మనిషి కావాలనీ అడిగారు. షాపువాడు భవానిని చూపించాడు.

నోటితో చెప్పడమంటే మామూలుగా కాదు. బుగ్గన వక్కపొడి వేసుకుని, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ చెప్పేవారు. సగం మాట బయటికి వచ్చేది, సగం వక్కతో పాటు నలిగిపోయేది. మొదటి నెల భవానికి ఏడుపొక్కటే తక్కువ. రెండో ఏడు వచ్చేసరికి ఆయన నోరు తెరవకముందే వేళ్లు కదిలేవి. అధ్యాయం ముగిశాక ఆగి, తనలో తనే "ఊఁ, తర్వాత?" అనుకునేవారు. అదీ టైపు చేసి, తర్వాత తుడిపేసేది.

అలా పుట్టిందే పెదపాటి వారి కథ. ఒక లంక గ్రామంలో ఒక కుటుంబం, మూడు తరాలు. మొదటి భాగం వారపత్రికలో వచ్చినప్పుడు నెలకు సంచీడు ఉత్తరాలు వచ్చేవి. రెండో భాగం చివర్లో ఆ ఇంటి ఆడపడుచు సుభద్ర తనకు నచ్చినవాడితో వెళ్లిపోయింది. అన్న సీతాపతి గడపలో నిలబడి, "నాకు చెల్లెలు లేదు" అన్నాడు. అక్కడితో పుస్తకం అయిపోయింది. సుభద్ర మళ్లీ వస్తుందా, వస్తే అన్న ఏం చేస్తాడు? పాఠకులు ఎనిమిదేళ్లు అడిగారు.

భవాని కూడా అడిగేది, పైకి అనకుండా. ఎందుకంటే ఆ మాట ఆమెకు కొత్త కాదు. పదకొండేళ్ల కింద ఆమె వేరే కులం అబ్బాయిని, లేత్ మెషిన్ మీద పనిచేసేవాణ్ణి, చేసుకుంది. నాయన అప్పటికే పోయాడు, అన్న విక్రమ్ సరిగ్గా అదే మాట అని తలుపేశాడు. ఇప్పుడు మేడిపల్లిలో ఇల్లు కట్టుకున్నాడు. నాచారానికీ మేడిపల్లికీ ఎంత దూరమని, కానీ పదకొండేళ్లలో ఒక్కసారి రాలేదు. భవాని ఉండే సందులో ఆడవాళ్లకు మూడో ఏడో అయిదో ఏడో పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, కొత్త చీర. అన్నో నాయనో దోసిళ్లతో ఆ బియ్యాన్ని ఆడపిల్ల కొంగులో పోస్తే, ఆ బరువు మోసుకుని అత్తింటికి వెళ్లి, వండి పదిమందికి పెడుతుంది. ఎవరింట్లో పెట్టినా భవాని వెళ్లి తినేది. తన ఒడి మాత్రం ఇంతవరకు ఖాళీయే.

మూడో భాగం పందొమ్మిది అధ్యాయాలు చెప్పారు రామ్మోహనరావు గారు. పందొమ్మిదో దాని చివర సుభద్ర ఊళ్లో బస్సు దిగింది. "ఊఁ, తర్వాత?" అన్నారు. ఆ తర్వాత మూడో రోజు పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, చూపు మసకబారింది, మాట ముద్దయిపోయింది. ఇంటావిడ ఛాయాదేవి గారికి కూడా ఆయన ఏమంటున్నారో తెలిసేది కాదు. తెలిసింది భవానికి ఒక్కదానికే. వక్కపొడి మాటలకు అలవాటుపడిన చెవి కదా, పక్షవాతం మాటలు కూడా పట్టేసింది. నీళ్లు కావాలన్నా, ఫ్యాన్ తగ్గించాలన్నా, పదింటికి భవాని వచ్చేదాకా ఆగాల్సిందే.

కానీ కథ ముందుకు సాగలేదు. రెండు మాటలు చెప్పేసరికి ఆయనకు చెమటలు పట్టేవి. పబ్లిషర్ గోపాలరావు వచ్చి చూసి, వరండాలో తలపట్టుకుని కూర్చున్నాడు. కవర్ అచ్చయింది, ప్రకటన వెళ్లింది, పాఠకులు రోజూ ఫోన్లు చేస్తున్నారు. కూర్చుని కూర్చుని భవాని వైపు చూశాడు. ఆ చూపు ఛాయాదేవి గారు కూడా చూశారు.

"నాలుగు అధ్యాయాలేనే భవానీ," అన్నారామె. "పద్నాలుగేళ్లు ఆయన మాట నీ వేళ్ల మీదుగానే నడిచింది. ఇంకెవరికి తెలుస్తుంది చెప్పు?"

"నేనేడ రాస్తనమ్మా. టైపు కొట్టెటోళ్లు కథలు రాస్తరా?"

"ఆయన బతికుండగా ఈ పుస్తకం రావాలి. అంతే నేనడిగేది."

కాదనలేకపోయింది. కాదనే నోరు ఉంటే భవాని బతుకు ఇంకోలా ఉండేది. నలభై రోజులు, మధ్యాహ్నం పూట తన ఇంట్లో కూర్చుని రాసింది. సుభద్ర బస్సు దిగి నడిచింది. సీతాపతి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెల్లెల్ని చూసి లేచాడు, లోపలికి వెళ్లాడు. తలుపేసుకుంటాడని ఊరంతా అనుకుంది. పసుపు బియ్యం పళ్లెంతో బయటికొచ్చి, దోసిళ్లతో ఆమె కొంగులో పోశాడు. ఆ వాక్యాలు రాస్తుంటే భవానికి కీబోర్డు కనపడలేదు. ఏడ్చింది. అది తన ఏడుపే, సుభద్రది కాదు, ఆ సంగతి ఆమెకు తెలుసు.

ఛాయాదేవి గారు దాన్ని చదవలేదు. ఆయన చదవలేని పుస్తకం తనెందుకు చదవాలని పక్కన పెట్టేశారు. గోపాలరావు వరంగల్ మనిషి. చదివి కళ్లు తుడుచుకుని ప్రెస్‌కు పంపేశాడు. రామ్మోహనరావు గారికి మాత్రం, "మీరు చెప్పినంతవరకే వేశాం సార్, సుభద్ర బస్సు దిగడంతో ఆపేశాం," అని చెప్పారు. ఆయన కాసేపు ఆలోచించి, సంతోషంగానే తలూపారు. "పాఠకుడికే... వదిలేశాం... బాగుంది," అన్నది భవానికి అర్థమైంది, పైకి చెప్పింది. కొత్త పుస్తకం ఆయన దిండు పక్కన పెట్టారు. ఎడమచేత్తో దాన్ని తడుముకుంటూ పడుకునేవారు. అందులో ఇరవై మూడు అధ్యాయాలు ఉన్నాయని ఆ చేతికి ఎలా తెలుస్తుంది.

తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. అందరినీ మెప్పించడం ఆ బ్రహ్మ వల్ల కూడా కాదంటారు, నిజమే, కానీ ఇన్ని రకాలుగా కొట్టుకుంటారని భవాని అనుకోలేదు. బస్సు ప్రయాణానికే యాభై పేజీలా అని ఒకరు. రెండో భాగంలో పులిలా ఉన్న సీతాపతి మూడో భాగంలో మేకపిల్ల ఎలా అయ్యాడని ఇంకొకరు. మొదటి రెండు భాగాలూ ఇంట్లో ఉన్నాయి, ఇది మాత్రం లైబ్రరీకి ఇచ్చేస్తానని ఒక కాకినాడ డాక్టరు. అంబర్‌పేట్ నుంచి అరుణకుమారి అనే టీచరు, చివరి నాలుగు అధ్యాయాలూ చదివి స్కూల్లోనే ఏడ్చాననీ, ఆ నాలుగూ ఉంటే ముందు పందొమ్మిదీ లేకపోయినా ఫర్వాలేదనీ రాసింది. భవాని ఆ కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది. గర్వంతో ఒళ్లు వేడెక్కింది. అంతలోనే సిగ్గుతో చచ్చిపోయింది. ఆమె జీవితంలో మొదటిసారి ఎవరో మెచ్చుకున్నారు, ఆ మెప్పు ఇంకొకరి పేరు మీద వచ్చింది, ఆ ఇంకొకరికి అది పొగడ్త కాదు, చెంపదెబ్బ.

ఇక ఒడిబియ్యం మీద వచ్చినవి వేరే కట్ట. ఈ వైపు వాళ్లు కళ్లనీళ్లతో రాస్తే, గోదావరి వైపు వాళ్లు కారాలు మిరియాలు నూరారు. తమ ఊళ్లల్లో లేని ఆచారం పెదపాటి వారింట్లోకి ఎలా వచ్చిందని అడిగారు. అవి చదివినప్పుడే భవానికి మొదటిసారి తెలిసింది, ఒడిబియ్యం అన్నది అందరికీ ఉండదని. ఆడపిల్ల పుట్టింటికి వస్తే బియ్యం పోయని ఊళ్లు ఉంటాయని ఆమెకు ఎవరు చెప్పారు కనుక? ఛాయాదేవి గారిని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగాలని కూడా తోచని విషయం అది.

ఆదివారాలు ఏరి ఏరి చదివింది. బియ్యం ఉన్నవి పక్కన పెట్టి, ఏడ్చామన్నవి బస్సు దగ్గరికి మార్చి చదివింది. ఒకసారి ఆయన కనుబొమలు ముడిచి, "బస్సు దిగితే... ఏడుస్తారా... ఇంతమంది?" అన్నారు. భవాని కక్కలేక మింగలేక, "ఎనిమిదేండ్ల సంది చూస్తున్రు గద సారూ," అంది. ఆయన నమ్మారు. నమ్మినందుకే ఆమెకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఇదంతా ఒక ఆదివారం తెగింది. ఆరుగురు పాఠకులు సారును చూడాలంటున్నారని గోపాలరావు ఫోన్ చేశాడు. వద్దని చెప్పమని భవాని ఛాయాదేవి గారి వెంటపడింది. అప్పటికే బయల్దేరారట. పదకొండున్నరకు గది నిండిపోయింది. ఆయన్ని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. శుభ్రమైన లాల్చీ వేశారు. చాలా రోజుల తర్వాత ముఖంలో వెలుగు కనిపించింది.

వచ్చినవాళ్లలో చంద్రశేఖర్ అనే ఆయన బ్యాంకులో చేసి రిటైరై నాగారంలో ఉంటున్నారు. ఆయనదీ గోదావరి జిల్లాయే. క్షేమసమాచారాలు అయ్యాక గొంతు సవరించుకున్నారు.

"రావుగారూ, మీమీద గౌరవంతోనే అడుగుతున్నాను. మనవైపు ఆడపడుచు వస్తే చీర పెడతాం, చలిమిడి పెడతాం, పసుపు కుంకుమ ఇస్తాం. సీతాపతి చేత ఒడిబియ్యం పోయించారేమిటండీ? చివరి నాలుగు అధ్యాయాల్లో అది మన ఊరే కాదు. ఇన్నేళ్లూ మిమ్మల్ని చదివి మా ఊరు వెళ్లొచ్చినట్టు ఉండేది నాకు. ఇప్పుడు మీరే ఆ ఊరు మర్చిపోతే మేం ఎక్కడికి పోవాలి?"

రామ్మోహనరావు గారు ఆయన్ని చూశారు. తర్వాత దిండు పక్కనున్న పుస్తకాన్ని చూశారు. తర్వాత భవానిని చూశారు. భవాని తల దించుకుంది.

అంతలో గుమ్మం దగ్గర కూర్చున్న ఒకావిడ లేచి ముందుకొచ్చింది. శ్యామలమ్మ, నాచారంలో మందుల కంపెనీలో గోలీల ప్యాకింగ్ చేస్తుంది. చదువు రాదు. కూతురు హరిణి చదివి వినిపించిందట.

"సారూ, గా బియ్యం పోసుడు ఇని నేను మా తమ్మునికి ఫోన్ జేసిన. పొలం కాడ లొల్లయి తొమ్మిదేండ్లాయె మాటలు లేక. గాడు ఫోన్ పెట్టెయ్యకముందే మా బిడ్డతోని గా పేజీ సదివిపిచ్చిన. ఇన్నడు, ఏమనలే. మొన్న ఐతారం బియ్యం పట్టుకొని వచ్చిండు." కొంగు చాటునుంచి స్టీలు డబ్బా తీసింది. మూత తీస్తే లోపల పసుపు బియ్యం. "గవే సారూ ఇవి. మీకు పెట్టకుంట ఎట్ల తింటం?" డబ్బా తెచ్చి భవాని చేతిలో పెట్టింది. "నువ్వు వండి పెట్టు బిడ్డా సారుకు." వంగి ఆయన కాళ్లకు మొక్కి, అక్కడే కింద కూర్చుండిపోయింది.

అప్పుడు ఆయన మాట్లాడారు. ఎడమచెయ్యి లేపి, నోరు ఒక పక్కకు లాగుకుపోతుంటే, రెండుసార్లు అన్నారు. గదిలో ఎవరికీ అర్థం కాలేదు.

"సారేమంటున్నారమ్మా?" అన్నాడు గోపాలరావు.

అందరూ భవాని వైపు తిరిగారు. ఆయన అన్నది ఆమెకు అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. "ఇది నేను రాయలేదు. ఎవరు రాశారు?" అన్నారాయన. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ నిమిషం భవాని అదే. చెబితే చంద్రశేఖర్ గారికి ఆయన ఊరు ఆయనకు తిరిగొస్తుంది, సారు పేరు నిలుస్తుంది. కానీ కింద కూర్చున్న శ్యామలమ్మ ముఖం ఎత్తి చూస్తోంది. ఛాయాదేవి గారు మంచం కోడు పట్టుకుని, వద్దన్నట్టు కళ్లతోనే బతిమాలుతున్నారు. చేతిలో డబ్బా బరువుగా ఉంది.

"ఆడివిల్లకు ఏ ఊరి బియ్యమైతే ఏంది... అంటున్నరు సారు," అంది భవాని.

ఎవరో చప్పట్లు కొట్టారు. శ్యామలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. చంద్రశేఖర్ గారు కూడా తలూపి, "కావాలనే రాశారన్నమాట. నాకు నచ్చకపోవచ్చు, కానీ పెద్ద మాటన్నారు," అన్నారు. రామ్మోహనరావు గారు ఎడమచేత్తో మంచం మీద కొట్టారు. కాదు, కాదు అంటున్నారు. అది బయటికి ఊఁ ఊఁ అన్నట్టు వచ్చింది. ఔనంటున్నారని అందరూ అనుకున్నారు. ఆయన కళ్లనుంచి నీళ్లు కారితే ఆనందమనుకున్నారు. సార్ అలసిపోయారని గోపాలరావు అందర్నీ లేపి తీసుకుపోయాడు.

గది ఖాళీ అయింది. ఆయన ఎడమచెయ్యి పుస్తకాన్ని వెతికి పట్టుకుని, భవాని వైపు తోసింది. ఆ పనికి ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. భవాని కుర్చీ లాక్కుని ఇరవయ్యో అధ్యాయం తీసింది. చదివింది. మధ్యలో ఆగి, నీళ్లు తాగి, మళ్లీ చదివింది. మధ్యాహ్నం మూడింటికి ఇరవై మూడోది అయిపోయింది. ఛాయాదేవి గారు కూడా గుమ్మంలో నిలబడి మొదటిసారి విన్నారు.

"తప్పయింది సారూ," అంది భవాని పుస్తకం మూసి. "నేనే రాసిన. మీ దిక్కు గిట్ల పొయ్యరని నాకు ఎరుకలేదు. ఆడివిల్ల వస్తే బియ్యం పొయ్యకుంట ఏడనన్న ఉంటరా అనుకున్న. మా అన్న నాకు పొయ్యలే సారూ. సీతాపతి అన్న పోస్తడు అనిపిచ్చింది. మీ ఇల్లు, మీ మనుషులు... నేను చెయ్యి పెట్టేది ఉండె గాదు. పొద్దుగాల కూడ మీ మాట మార్చిన. నన్ను ఏమన్న అనున్రి."

ఆయన అన్నారు. పక్షవాతం వచ్చినప్పటినుంచీ అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆగి ఆగి, ఊపిరి పీల్చుకుని, చెయ్యి ఒకసారి పుస్తకం మీద, ఒకసారి గాలిలో ఊపుతూ, నాలుగైదు నిమిషాలు చెప్పారు. భవాని ముందుకు వంగింది. చెవి ఆయన నోటి దగ్గర పెట్టింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. తిడుతున్నారో, అధ్యాయం బాగుందంటున్నారో, సీతాపతి అసలు ఏం చేయాల్సిందో చెబుతున్నారో. ఇన్నేళ్లలో ఎన్నడూ కానిది, ఆ నోటినుంచి వచ్చింది ఆమెకు వట్టి చప్పుడుగా వినిపించింది.

"మళ్లొకసారి చెప్పున్రి సారూ."

ఆయన మళ్లీ చెప్పారు, తక్కువగా. మూడోసారి ఇంకా తక్కువగా.

"ఏమంటున్నారే?" అన్నారు ఛాయాదేవి గారు.

"నాకు తెలుస్తలేదమ్మా."

"పొద్దున మాత్రం తెలిసిందా?" అన్నారామె. కోపంగా అనలేదు. నమ్మలేదు, అంతే. మంచం మీద ఆయన కూడా నమ్మలేదని ఆ చూపు చూస్తే తెలిసింది. కళ్లు మూసుకుని గోడ వైపు తిరిగారు.

భవాని వంటింట్లోకి వెళ్లి డబ్బాలోని బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. వండమన్నారు కాబట్టి వండింది. ఛాయాదేవి గారు చెంచాతో పెట్టబోతే ఆయన నోరు తెరవలేదు.

ఇప్పటికీ ఆదివారం ఉత్తరాలు వస్తున్నాయి. బాగుందని కొందరు, బాగాలేదని కొందరు. అన్నీ, ఒక్కటీ దాచకుండా, ఇప్పుడు పూర్తిగా చదువుతుంది భవాని. ఆయన వింటున్నారో లేదో తెలియదు. చదవడం అయ్యాక కట్ట పక్కన పెట్టి, ప్రతి వారం ఒకటే అడుగుతుంది.

"ఆనాడు ఏమన్నరు సారూ?"

ఆయన కళ్లు తెరిచి ఆమెను చూస్తారు. నోరు మాత్రం తెరవరు. ఒంటిగంట దాకా కూర్చుని, ఆమె లేచి, చెప్పులేసుకుని, నాచారం ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్తుంది.